న్యూజెర్సీ ఒడ్డున స్ట్రైపర్ కోసం: చేపను వెతికే లూర్ ఏది, పట్టే లూర్ ఏది

మన ఊళ్ళలో గాలం వేసినవాళ్ళకి ఎర అంటే వానపామో, రొయ్యో, కవళ్ళ ముక్కో. గాలానికి గుచ్చి నీళ్ళలో వేసి, బెండు వైపు చూస్తూ కూర్చుంటాం. చేప వాసన పట్టి తనే వస్తుంది. న్యూజెర్సీకి వచ్చాక ఎవరో స్నేహితుడి మాట విని చేపల సామాను కొట్టుకి వెళ్తే, అక్కడ గోడ నిండా రంగురంగుల ప్లాస్టిక్ చేపలు, మెరిసే లోహపు బద్దలు, తెల్ల వెంట్రుకల కుచ్చులు వేలాడుతుంటాయి. ఇవే లూర్లు, అంటే కృత్రిమ ఎరలు. ఏది దేనికో ప్యాకెట్ మీద రాసి ఉండదు. కంటికి నచ్చినవి నాలుగు తెచ్చుకుని, నెల తిరిగేసరికి ‘ఈ లూర్లకి ఏమీ పడదు’ అని తేల్చేసి మళ్ళీ రొయ్యల దగ్గరికి వెళ్ళిపోయిన మనవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను.

నేను చెప్పేదంతా స్ట్రైప్డ్ బాస్ గురించి. ఇక్కడ అందరూ స్ట్రైపర్ అంటారు. వెండి రంగు ఒంటి మీద పొడుగునా తోక దాకా నల్ల చారలుంటాయి. చీసపీక్ బే నదుల్లో, డెలావేర్, హడ్సన్ నదుల్లో గుడ్లు పెట్టి, వసంతంలో ఉత్తరానికి, చలి మొదలయ్యాక తిరిగి దక్షిణానికి ఒడ్డు వెంబడే ప్రయాణం చేస్తుంది. అందుకే ఏప్రిల్ నుంచి జూన్ దాకా, మళ్ళీ సెప్టెంబర్ చివరి నుంచి డిసెంబర్ మొదటి రోజుల దాకా శాండీ హుక్, లాంగ్ బ్రాంచ్, యాస్‌బరీ పార్క్, ఐలండ్ బీచ్ స్టేట్ పార్క్ ఇసుక మీద నిలబడి, పడవ లేకుండానే పెద్ద చేపను పట్టే వీలుంది.

కొట్టులో లూర్లను పరిమాణం బట్టో, కంపెనీ బట్టో అమరుస్తారు. నేను మాత్రం వాటిని చేసే పని బట్టి రెండు గుంపులుగా చూస్తాను. చేప ఎక్కడుందో తెలియనప్పుడు ఎక్కువ నీళ్ళు తొందరగా గాలించి, ‘ఇక్కడ ఉంది’ అని చెప్పేవి ఒక గుంపు. ఉందని తెలిశాక, దాని నోటి ముందు నెమ్మదిగా, సరైన లోతులో నడిచి కొరికించేవి రెండో గుంపు. వెతికే లూర్‌తో గంటల తరబడి ఒకే చోట నిలబడినా, పట్టే లూర్‌ని ఖాళీ నీళ్ళలో ఓపిగ్గా ఈడ్చినా పొద్దు వృథా. చాలామంది చేతులు ఖాళీగా రావడానికి కారణం లూర్ చెడ్డదవడం కాదు, ఆ పనికి అది కాకపోవడం.

ముందు నీళ్ళు చూడండి

ఏ లూర్ అన్న ప్రశ్నకి సగం జవాబు నీళ్ళలోనే ఉంటుంది. ఆటు బాగా తీసిన సమయంలో, చేతిలో రాడ్ లేకపోయినా సరే, ఒకసారి ఒడ్డుకి వెళ్ళండి. ఒడ్డుకి సమాంతరంగా నీళ్ళ కింద ఇసుక తిన్నె ఉంటుంది. అలలు దాని మీద విరిగి తెల్లగా నురగ కడతాయి. తిన్నెకీ ఒడ్డుకీ మధ్య పల్లం. తిన్నె తెగిపోయిన చోట గండి. అక్కడ అల విరగదు, నీళ్ళు కాస్త ముదురు రంగులో ఉంటాయి. పోటు వస్తుంటే చిన్న చేపలు ఆ గండిలోంచి పల్లంలోకి వస్తాయి, ఆటు తీస్తుంటే అదే దారిన బయటికి కొట్టుకుపోతాయి. స్ట్రైపర్ ఈ రాకపోకల మీద కన్నేసి గండి మూతి దగ్గరో, తిన్నె అంచున నురగ కిందో కాపు కాస్తుంది.

ఈ పటం శాశ్వతం కాదు. ఒక్క నార్ ఈస్టర్ తుపానుకి గండి మూసుకుపోయి ఇంకోచోట తెరుచుకుంటుంది. దానికి తోడు సీ బ్రైట్ నుంచి మనస్క్వాన్ దాకా ఉన్న ఒడ్డు మీద 1990లలో అమెరికా ఆర్మీ ఇంజినీర్లు సముద్రంలోంచి ఇసుక తోడి పోయడం మొదలుపెట్టారు, ఇప్పటికీ మధ్య మధ్య పోస్తూనే ఉన్నారు. ఇసుక పోసిన కొత్తలో పల్లాలు పూడిపోయి, రాళ్ళ జెట్టీలు సగం కూరుకుపోయి ఒడ్డు చదునుగా ఉంటుంది. పోయినేడు పడిన చోటే ఈ ఏడు కూడా నిలబడతానంటే కుదరదు. చూడాలి, కొత్తగా చూడాలి.

ఇంకొక మాట. కొత్తవాళ్ళందరూ బలం కొద్దీ దూరం విసురుతారు. పోటు నిండుగా ఉన్నప్పుడు పల్లం మీ కాళ్ళకి ముప్పై అడుగుల్లోనే ఉండొచ్చు, చేప మీ మోకాళ్ళ ముందే తిరుగుతుండొచ్చు. నీళ్ళలో దిగకముందే ఎడమకీ కుడికీ ఒడ్డు వెంబడి రెండు మూడు విసుర్లు వేయండి. దూరం ఆ తర్వాత.

వెతికేవి: మెటల్, పాపర్, ప్యాడిల్ టెయిల్

మెటల్ లూర్ అంటే బరువైన లోహపు ముక్క. కాస్ట్‌మాస్టర్, హాప్కిన్స్, డెడ్లీ డిక్, ఏవా జిగ్ లాంటివి. 1 నుంచి 3 ఔన్సుల వరకు దొరుకుతాయి (ఔన్సు అంటే సుమారు 28 గ్రాములు). చిన్న ఒంట్లో బరువంతా ఉండటం వల్ల గాలిని చీల్చుకుని అన్నిటికంటే దూరం పోతుంది. తూర్పు గాలి మొహాన కొడుతున్నప్పుడు, చేపలు బయటి తిన్నెకి అవతల ఎగురుతున్నప్పుడు దానికి పోటీ లేదు. లోపం కూడా ఆ బరువులోనే ఉంది. లోతు తక్కువగా ఉన్న చోట మునిగిపోకుండా ఉండాలంటే వేగంగా చుట్టాలి. బ్లూఫిష్, ఫాల్స్ ఆల్బకోర్ చేపలు ఆ వేగానికి ఎగబడతాయి, స్ట్రైపర్ చాలాసార్లు పట్టించుకోదు. స్ట్రైపర్ తన ఒంటి బరువుకి తగ్గట్టు తక్కువ కష్టంతో తినాలని చూసే చేప. అందుకని మెటల్ నాకు దూరాన్ని కొలిచే సాధనం. నవంబర్‌లో మాత్రం లెక్క మారుతుంది, ఆ సంగతి కిందకి వస్తుంది.

పాపర్, పెన్సిల్ పాపర్ నీటి మీద తేలేవి. పాపర్ మొహం గుంటగా ఉండి లాగినప్పుడల్లా ‘బుడుంగ్’ మని నీళ్ళు చిమ్ముతుంది. పెన్సిల్ పాపర్ సన్నగా పొడుగ్గా ఉంటుంది. రాడ్ పిడిని తొడల మధ్య బిగించి, రాడ్ కొస ఆడిస్తూ నెమ్మదిగా చుడితే, దెబ్బ తగిలిన చేప కొట్టుకుంటున్నట్టు తల అటూ ఇటూ కొడుతూ వస్తుంది. వెతకడానికి ఇంతకు మించినది లేదు. లోతులో ఉన్న చేపను కూడా పైకి రప్పిస్తుంది. కరవకపోయినా కనిపిస్తుంది. స్ట్రైపర్ తరచుగా పాపర్‌ని తోకతో కొట్టి, కొరక్కుండా వెళ్ళిపోతుంది. కొత్తవాళ్ళు దాన్ని చూసి ‘పోయింది’ అని నీరసపడతారు. నిజానికి అది మీకు దొరికిన అతి విలువైన సమాచారం. చేప ఎక్కడుందో, ఎంత దూరంలో ఉందో, ఆకలి మీద ఉందో లేదో ఒక్క దెబ్బతో తెలిసిపోయింది. వెంటనే క్లిప్ తీసి రెండో గుంపులోంచి, అంటే పట్టేవాటిలోంచి ఒకటి తగిలించి అక్కడికే వేయండి.

మెటలా, పాపరా అని తేల్చుకోవాలంటే ఆకాశం, అలలు చూడండి. తెల్లవారుజామున గాలి లేక నీళ్ళు నున్నగా ఉంటే, పడమటి గాలి వీపున తడుతుంటే పాపర్. పగలు ఎండ బాగా ఎక్కాక, లేదా అలలు ఎత్తుగా విరిగి నీళ్ళన్నీ తెల్లగా కలిసిపోయినప్పుడు పెన్సిల్ పాపర్ చిమ్మే నీళ్ళు ఎవరికీ కనబడవు. అప్పుడు మెటల్, లేదా కింద చెప్పబోయే షాడ్.

ప్యాడిల్ టెయిల్ అంటే మెత్తని రబ్బరు చేప, షాడ్ అని కూడా అంటారు. తోక చివర చిన్న అరికాలు లాంటి రేకు ఉంటుంది. చుడుతుంటే ఆ తోక తనంతట తానే కొట్టుకుంటుంది. స్టార్మ్, సునామీ లాంటి కంపెనీల షాడ్‌లకి సీసం లోపలే పోసి ఉంటుంది. 4, 5 అంగుళాల పొడవు, ఒకటి రెండు ఔన్సుల బరువు న్యూజెర్సీ ఇసుక ఒడ్డుకి సరిగ్గా సరిపోతాయి. దీనికి చేతి విద్య అక్కర్లేదు. విసిరి, కాస్త మునగనిచ్చి, ఒకే వేగంతో చుడితే చాలు. వెతుకుతుంది, దొరికితే పట్టేస్తుంది కూడా. ఒకే ఒక్క లూర్ కొని మొదలుపెట్టాలనుకునేవారికి నేను చెప్పేది ఇదే. మెటల్ అంత దూరం పోదు, పాపర్ అంత హడావిడి చేయదు. మొదటి ఏడాది ఆ లోటు మీకు తెలియను కూడా తెలియదు.

దీనికి ఒక్కటే శత్రువు, బ్లూఫిష్. దాని పళ్ళు కత్తెరలా ఉంటాయి. గుంపు వచ్చిందంటే ప్రతి విసురుకీ తోక తెగిన రబ్బరు ముక్క చేతికొస్తుంది. తోక నున్నగా, అర్ధచంద్రాకారంలో తెగి ఉంటే మరో ఆలోచన లేకుండా రబ్బరు సంచిలో పెట్టి మెటల్ తగిలించండి. ఆ సాయంత్రం మెటల్ కంటే చవకైనది, గట్టిది లేదు.

ఎన్ని విసుర్లు? ఒకచోట నిలబడి ఎడమ నుంచి కుడికి విసనకర్ర విప్పినట్టు అయిదారు వేసి, ఏ కదలికా లేకపోతే గండి నుంచి గండికి నడవండి. వెతికే లూర్ చేతిలో ఉందంటే కాళ్ళకి కూడా పని ఉన్నట్టే.

పట్టేవి: బక్‌టెయిల్ అన్నిటికంటే ముందు

బక్‌టెయిల్ చూడటానికి ఏమీ ఉండదు. సీసపు తల, ఒక గాలం, దాని చుట్టూ కట్టిన జింక తోక వెంట్రుకలు. పది డాలర్ల లోపే వస్తుంది. పక్కనే ముప్పై డాలర్లు దాటిన చెక్క ప్లగ్‌లు (గట్టి ఒళ్ళున్న చేప ఆకారపు లూర్లు) మెరుస్తుంటే దీని మీద చేయి పడదు. కానీ ఈ తీరం మీద ఏళ్ళ తరబడి చేపలు పడుతున్నవాళ్ళ సంచి తెరిచి చూడండి, అందులో తెల్ల బక్‌టెయిల్‌లు తప్పకుండా ఉంటాయి.

ఎందుకంటే బరువు మార్చుకుంటూ ఏ లోతుకైనా, ఏ ప్రవాహానికైనా దాన్ని సరిపెట్టుకోవచ్చు. చిన్న చేప ఆకారంలో ఉండే మినో ప్లగ్ తన ముందున్న పెదవి తీసుకెళ్ళినంత లోతే పోతుంది. పాపర్ పైనే ఉంటుంది. బక్‌టెయిల్ మీరు ఎక్కడ కావాలంటే అక్కడ ఉంటుంది. నిశ్శబ్దంగా ఉన్న పల్లంలో ముప్పావు ఔన్సు, మామూలు అలల్లో 1 నుంచి ఒకటిన్నర ఔన్సు, బార్నెగాట్ ఇన్‌లెట్ లాంటి చోట నీళ్ళు ఏరులా పరుగెడుతుంటే 2 ఔన్సులో అంతకు పైనో. సరైన బరువు తెలుసుకునే పద్ధతి తేలిక. చుడుతుంటే అప్పుడప్పుడు మాత్రమే నేలకి తగులుతున్నట్టు రాడ్ కొసకి తెలియాలి. ప్రతి చుట్టుకీ ఇసుకలో దున్నుకుంటూ వస్తే బరువెక్కువ. ఒక్కసారీ తగలకపోతే తక్కువ. ఈ చిన్న సర్దుబాటు చేసుకునేవాడికీ చేసుకోనివాడికీ మధ్య తేడా తెల్లారేసరికి తెలుస్తుంది.

గాలానికి వెనక ఒక తోలు పట్టీ తగిలించడం ఇక్కడి అలవాటు. పూర్వం పంది తోలు పట్టీలు సీసాల్లో వచ్చేవి. ఇప్పుడు వాటి బదులు మెత్తని కృత్రిమ పట్టీలు వాడుతున్నారు. పట్టీ వల్ల లూర్ కాస్త నెమ్మదిగా దిగుతుంది, తోక అల్లాడుతుంది. చేప కొట్టేది ఎక్కువగా ఈ దిగే క్షణంలోనే. కాబట్టి రాడ్‌ని కొద్దిగా ఎత్తి దించేటప్పుడు తీగ వదులైపోకుండా చూసుకోండి. తీగ వదులైతే కొట్టిన సంగతి కూడా తెలియదు. మొదట్లో ఇది చేతికి పట్టుబడదు. అందుకే మొదటి ఏడాది ప్యాడిల్ టెయిల్ అన్నాను. ఈ సముద్రం దగ్గర నాలుగేళ్ళు ఉండదలచుకున్నవారు మాత్రం రెండో ఏడాది నుంచి బక్‌టెయిల్ మీద పట్టు సాధించాల్సిందే.

దీనికి ఇంకో మేలుంది. తుపాను తర్వాత నీళ్ళ నిండా నాచు తేలుతుంది. మూడు ముళ్ళ ట్రెబుల్ గాలాలున్న మినో, పాపర్ అయితే ప్రతి విసురుకీ గడ్డి మోపు తెస్తాయి. బక్‌టెయిల్‌కి ఒకటే గాలం, అదీ పైకి చూస్తూ ఉంటుంది. నాచు రోజున బక్‌టెయిల్ లేదా షాడ్, అంతే.

మినో ఆకారపు ప్లగ్ రాత్రి పనిమంతుడు. దైవా ఎస్‌పీ మినో, పాత తరం వాళ్ళు వాడే బాంబర్ లాంగ్ ఏ, రెబెల్. ముందు చిన్న ప్లాస్టిక్ పెదవి ఉంటుంది, నీళ్ళు దానికి తగిలి ఒళ్ళు ఊగుతుంది. నీటి మట్టానికి ఒకటి నుంచి మూడు నాలుగు అడుగుల కింద నడుస్తుంది కాబట్టి ఇసుక తిన్నెల మీద, జెట్టీ రాళ్ళ పక్కన సరిగ్గా సరిపోతుంది. 1982 సెప్టెంబర్ 21 రాత్రి, నార్ ఈస్టర్ గాలిలో అట్లాంటిక్ సిటీ జెట్టీ మీద నుంచి ఆల్ మెక్‌రేనల్డ్స్ అనే ఆయన పట్టిన 78 పౌండ్ల 8 ఔన్సుల స్ట్రైపర్, అంటే 35 కిలోలు దాటిన చేప, రెబెల్ మినోకే పడింది. 2011 దాకా అదే ప్రపంచ రికార్డు. అంత చేప చీకట్లో, అలల మధ్య, రాళ్ళ అంచున చేతి పొడవు కూడా లేని ప్లాస్టిక్ ముక్కని తిన్నదంటే ఆ లూర్ ఎక్కడ, ఎప్పుడు పనిచేస్తుందో అర్థమవుతుంది.

మినోని పగటి వేగంతో చుట్టకండి. రాడ్ కొసలో ఆ ఊగు లీలగా తెలిసేంత నెమ్మదిగా చాలు. మీ వైపు వచ్చే అల లూర్‌ని ముందుకు తోసేస్తుంది, అప్పుడు ఊగడం ఆగిపోతుంది. అల వస్తున్నప్పుడు కొంచెం వేగం పెంచండి. అల వెనక్కి లాగుతున్నప్పుడు చుట్టడం దాదాపు ఆపేయండి. వెనక్కి పోయే నీళ్ళే దాన్ని ఆడిస్తాయి. ఈ ఒక్క మెళకువ కొత్త లూర్ కొనడం కంటే ఎక్కువ చేపలు తెస్తుంది. మినోకి ఎదురుగాలి మాత్రం సరిపడదు. తేలికైన ఒళ్ళు గాల్లో దొర్లి కాళ్ళ ముందే పడుతుంది. ఆ రాత్రుల కోసం బాటిల్ ప్లగ్ అని ఒకటుంది. పొట్ట లావుగా, బరువుగా ఉండి ఉప్పెనలాంటి నీళ్ళలో కూడా పట్టు తప్పదు. డార్టర్ అనేది ప్రవాహం బలంగా ఉన్న చోట వంకరటింకరగా దూసుకుపోతుంది. రెండూ మంచివే, కానీ మొదటి రెండేళ్ళలో వాటి మీద డబ్బు పెట్టొద్దు.

నీడిల్‌ఫిష్ గురించి చెప్పక తప్పదు. సన్నని కర్ర ముక్క. పెదవి లేదు, ఊగు లేదు, చప్పుడు లేదు. చుడితే తిన్నగా వస్తుంది. దీనికి చేప పడుతుందంటే ఎవరికీ నమ్మకం కుదరదు. కానీ శాండ్ ఈల్ అనే సన్నని చేపలు ఒడ్డుకి చేరిన నవంబర్ రాత్రుల్లో దీనంత నమ్మకంగా పెద్ద చేపను తెచ్చేది ఇంకొకటి నేను చూడలేదు. శాండ్ ఈల్ కూడా అలాగే, సన్నగా పొడుగ్గా ఉంటుంది.

ఏ నెలలో సముద్రం ఏం వడ్డిస్తుందో

స్ట్రైపర్ అప్పుడు ఏం తింటోందో తెలిస్తే లూర్ ఎంపిక ఇంకా తేలికవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఒడ్డుకి బంకర్ వస్తుంది. పుస్తకాల్లో మెన్‌హేడెన్ అంటారు. మన కవళ్ళ కుటుంబపు చేపే, కానీ అడుగు పొడవు దాకా పెరుగుతుంది, ఒళ్ళు వెడల్పు. అప్పుడు 3 అంగుళాల లూర్ దాని కంటికి ఆనదు. పెద్ద పెన్సిల్ పాపర్, 6 అంగుళాలు దాటిన షాడ్, చెక్కతో చేసి లోహపు పెదవి బిగించిన మెటల్ లిప్ ప్లగ్ లాంటివి కావాలి. బంకర్ గుంపు మధ్యలోకి కాకుండా గుంపు అంచున, కాస్త కిందగా నడిపించండి. వేల చేపల మధ్య మీది ఇంకొకటిగా కలిసిపోకూడదు.

సెప్టెంబర్‌లో ముల్లెట్ పిల్లలు బేలలోంచి బయటికొచ్చి ఒడ్డు వెంబడే దక్షిణానికి బారులు తీరతాయి. మన కత్తిపరిగ జాతివే ఇవి. నీటి పై పొరలో, ఒడ్డుకి మరీ దగ్గరగా ఈదుతాయి కాబట్టి 4, 5 అంగుళాల మినో, చిన్న పాపర్ ఒడ్డుకి సమాంతరంగా వేయడం సరైనది. ఇక్కడ దూరం విసరడమే తప్పు.

అక్టోబర్‌లో బంకర్ పిల్లలు, వాటిని పీనట్ బంకర్ అంటారు. అరచేతిలో పట్టేంత ఉంటాయి. 4 అంగుళాల ప్యాడిల్ టెయిల్ అచ్చు అలాగే ఉంటుంది. నవంబర్ రాగానే శాండ్ ఈల్. ఇవి ఇసుకలో తలదూర్చి దాక్కుంటాయి. స్ట్రైపర్ ముట్టెతో ఇసుక కెలికి వాటిని లేపి తింటుంది. అందుకని సన్నని ఏవా జిగ్‌ని ఇసుకకి తగిలిస్తూ, ఆగి ఆగి లాగితే ఆ రేగిన ఇసుకే పిలుపవుతుంది. మిగతా కాలంలో వెతకడానికే పనికొచ్చే మెటల్ ఈ నెలలో పట్టే లూర్ అయిపోతుంది. పగలు మెటల్, చీకటి పడ్డాక నీడిల్‌ఫిష్.

ఏం తింటోందో తెలియకపోతే పక్షుల్ని చూడండి. గ్యానెట్ అనే పెద్ద తెల్ల పక్షులు ఎత్తు నుంచి బాణాల్లా నీళ్ళలోకి దూకుతుంటే కింద ఉన్నది బంకర్ లాంటి పెద్ద చేప. పెద్ద లూర్ తీయండి. చిన్న టెర్న్ పక్షులు నీటి మీద అలా తాకి ఎగురుతుంటే కింద ఉన్నది వేలెడంత చేప. అప్పుడు స్ట్రైపర్లు పెద్ద లూర్‌ని పట్టించుకోవు. అలాంటప్పుడు టీజర్ అక్కరకొస్తుంది. లూర్‌కి ఒకటిన్నర అడుగు ముందు, చిన్న కొమ్మ తీగకి కట్టిన వేలెడంత ఈకల గాలం అది. వెనక లూర్ దూరం పోవడానికి బరువిస్తుంది, ముందు టీజర్ చేపకి నచ్చే పరిమాణం ఇస్తుంది. ఒక్క విసురులో రెండు ప్రశ్నలు అడిగినట్టు. ఏ పరిమాణానికి కొడుతోందో తెలియని రోజున నేను దీన్ని వదలను.

జులై, ఆగస్టుల్లో నీళ్ళు వేడెక్కి స్ట్రైపర్ ఉత్తరానికి వెళ్ళిపోతుంది. ఆ రోజుల్లో పల్లంలో ఇసుకకి అతుక్కుని ఉండే ఫ్లూక్ అనే బల్లపరుపు చేప కోసం అర ఔన్సు బక్‌టెయిల్, దానికి ఒక గల్ప్ (వాసన పట్టించిన మెత్తని కృత్రిమ ఎర) ముక్క తగిలించి నేల మీద నెమ్మదిగా ఈడ్వండి.

రంగుల గొడవ

కొట్టులో ఎక్కువ సమయం పోయేది రంగుల దగ్గరే. నాకు తోచినంతవరకు పరిమాణం, లోతు, వేగం సరిపోయాక వచ్చేది రంగు. పగలు తెలుపు, లేదా ఎముక రంగు. మబ్బు పట్టి నీళ్ళు కలక మీద ఉంటే పసుపు. చీకటి రాత్రి నలుపు. రాత్రి నలుపేమిటి అని అడుగుతారు. చేప కింద నుంచి పైకి చూస్తుంది. ఎంత చీకట్లోనైనా ఆకాశం నీళ్ళ కంటే కాస్త వెలుతురుగానే ఉంటుంది, దాని మీద నల్లని ఆకారం స్పష్టంగా తెలుస్తుంది. ఒకే లూర్ అయిదు రంగుల్లో కొనడం కంటే అయిదు రకాల లూర్లు ఒకే తెలుపులో కొనడం మేలు.

మొదటి సంచిలో ఏముండాలి

ముందు మీ రాడ్ పిడి దగ్గర రాసిన అంకెలు చూడండి. 9 అడుగుల రాడ్ మీద ముప్పావు నుంచి 3 ఔన్సులు అని ఉంటే మీ లూర్లన్నీ ఆ పరిధిలోనే ఉండాలి. అంతకంటే తేలికైనది వేస్తే రాడ్ వంగదు, లూర్ పోదు. బరువైనది వేస్తే రాడ్ విరిగే ప్రమాదం. ఆ రాడ్‌కి 30 పౌండ్ల లాగుడు తట్టుకునే అల్లిన తీగ, ముందు మూడు అడుగుల 30 లేదా 40 పౌండ్ల లీడర్ (లూర్‌కి ముందు కట్టే గట్టి తీగ ముక్క), చివర గట్టి క్లిప్. క్లిప్ ఉంటేనే చీకట్లో ముడులు వేసే తలనొప్పి లేకుండా వెతికే లూర్ నుంచి పట్టే లూర్‌కి మారగలరు.

ఇక లూర్లు. 5 అంగుళాల ప్యాడిల్ టెయిల్ షాడ్ ప్యాకెట్ ఒకటి, 2 ఔన్సుల మెటల్ ఒకటి, 1 ఔన్సు, ఒకటిన్నర ఔన్సు తెల్ల బక్‌టెయిల్‌లు రెండేసి (రాళ్ళలో పోతాయి కాబట్టి), ఒక మినో, ఒక పెన్సిల్ పాపర్. దీనికి మించి మొదటి సీజన్‌లో ఏదీ కొననవసరం లేదు. శాండీ హుక్, ఐలండ్ బీచ్ లాంటి ఇసుక ఒడ్డుకి ఎక్కువగా వెళ్ళేవారు రెండో మెటల్ చేర్చుకోవచ్చు. డీల్, ఆలెన్‌హర్స్ట్ వైపు రాళ్ళ జెట్టీల మీద నిలబడేవారు దాని బదులు ఇంకో మినో తీసుకోండి. జెట్టీ మీదికి మాత్రం మేకులున్న చెప్పులు లేకుండా ఎక్కొద్దు. నాచు పట్టిన ఆ రాయి తడిసిందంటే సబ్బు మీద నిలబడినట్టే. వేడర్స్ (ఛాతీ దాకా వచ్చే, నీళ్ళు చొరని ప్యాంటు) వేసుకుంటే నడుముకి బెల్టు తప్పకుండా బిగించండి, పడితే లోపలికి నీళ్ళు అంత త్వరగా చేరవు.

గాలాల గురించి

న్యూజెర్సీలో ఇప్పుడున్న నిబంధన ప్రకారం 28 నుంచి 31 అంగుళాల మధ్య ఉన్న స్ట్రైపర్‌ని, మామూలుగా రోజుకి ఒక్కదాన్ని మాత్రమే, ఇంటికి తీసుకెళ్ళొచ్చు. అంటే మీకు పడే చేపల్లో చాలావాటిని తిరిగి వదలాల్సిందే. పెద్దవి దాదాపు అన్నీ గుడ్లు పెట్టే ఆడవి. 2019 నుంచి చీసపీక్ బేకి మేరీల్యాండ్ వైపు నదుల్లో పిల్ల చేపలు ఏటా సగటు కంటే తక్కువగానే పుట్టుకొస్తున్నాయి. కాబట్టి లూర్ కొన్నాక గాలాల సంగతి కూడా లూర్ ఎంపికలో భాగంగానే చూడాలి. మినోకి, పాపర్‌కి కంపెనీ బిగించిన మూడు ముళ్ళ గాలాలు చేప కళ్ళలో, మొప్పల్లో గుచ్చుకుంటాయి. వెనకది తీసేసి వెంట్రుకల కుచ్చు కట్టిన ఒంటి గాలం పెట్టండి. లూర్ నడక మారదు, చేప నోటి నుంచి తీయడం క్షణంలో అయిపోతుంది. మిగిలిన ముళ్ళ కొంకిని పట్టకారుతో నొక్కేయండి. తీగ బిగువు తప్పకుండా చూసుకుంటే కొంకి లేని గాలం నుంచి కూడా చేప జారదు. పొరపాటున మీ వేలిలో దిగినా సులువుగా వస్తుంది.

ముక్క ఎరతో స్ట్రైపర్ పట్టాలంటే 2021 నుంచి సర్కిల్ హుక్ తప్పనిసరి. లూర్లకి ఆ నిబంధన వర్తించదు. ఉప్పునీటి చేపల వేటకి న్యూజెర్సీలో లైసెన్సు రుసుము లేదు, కానీ రాష్ట్ర రిజిస్ట్రీలో ప్రతి ఏడాదీ ఉచితంగా పేరు నమోదు చేసుకోవాలి. కొలతలు, సంఖ్యలు మధ్య మధ్య మారుతుంటాయి, సీజన్ మొదట్లో రాష్ట్ర వెబ్‌సైట్ ఒకసారి చూసుకుని, సంచిలో లూర్లతో పాటు ఒక కొలత టేపు పెట్టుకోండి.